మేకపోతు కప్పు

గోల్‌పోస్ట్ పక్కనే కట్టేశారు మేకపోతుని, మెడలో బంతిపూల దండ, గెలిచిన టీమ్‌కి అదే కప్పు. ఒడిశాలోని గుణుపురం దగ్గర ఇవాళ ఫుట్‌బాల్ మ్యాచ్. ఒక సవర గిరిజన కుర్రాడు ఉత్తి కాళ్ళతో ముగ్గుర్ని తప్పించి కొట్టాడు చూడండీ, నోరెళ్ళబెట్టేశాను.

పక్కనే మావయ్య, "140 కోట్ల మందిమి, వరల్డ్‌కప్ ఆడ్డానికి పదకొండు మంది దొరకరేట్రా?"

దొరక్కేం, వెతికేవాడేడీ? ఐస్‌లాండ్‌లో ఉన్నదే నాలుగు లక్షల లోపు జనం, చలిదేశమని ఇండోర్ గ్రౌండ్లు కట్టుకుని చిన్నపిల్లలకి కూడా లైసెన్సున్న కోచ్‌లని పెట్టి 2018 వరల్డ్‌కప్ ఆడేశారు. చైనా అంత జనాన్నేసుకుని 2002లో ఒక్కసారి వెళ్ళి ఒక్క గోలూ కొట్టలేదు. మనమూ 1956 ఒలింపిక్స్‌లో నాలుగో ప్లేసే, అప్పటి కోచ్ రహీం సాబ్ హైదరాబాదాయనే మరి.

ఈ కుర్రాడికి పదహారేళ్ళంట, కోచ్ మొహమే ఎరగడు. వచ్చే నెల పనికి కేరళ పోతాడట. అక్కడ బాల్ పిచ్చోళ్ళు ఎక్కువ కదా, ఎవరి కంటైనా పడతాడేమో.