లారీ నంబర్లు ఎటు పోయాయి? రెండు రోజులు తిప్పలు పెట్టిన ఎక్స్‌ఎమ్‌ఎల్

నిన్న రాత్రి పదకొండున్నరకు తెమిలింది, ఆ సంబరంలోనే రాస్తున్నా. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్రోగ్రాం చేసి ఇస్తున్నాను. యాసంగి వడ్లు దిగే రోజులు కదా, కాంటా దగ్గర ఎక్కిన లెక్కంతా సాయంత్రానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా (ప్రతి వివరానికీ పేరు తగిలించి రాసే టెక్స్ట్ ఫైలు) రావాలి.

మామూలు లిస్ట్ మొదటిసారే వచ్చేసింది. రైతు కోడుకు బరువు జత చేసి ఉంచే డిక్షనరీని మాత్రం, డేటాను ఫైలుగా రాసిపెట్టే ఎక్స్‌ఎమ్‌ఎల్ సీరియలైజర్ ఒప్పుకోలేదు. పైన కనిపించే ఎర్రర్‌లో ఏమీ ఉండదు, దాని లోపల దాగిన ఇన్నర్ ఎక్సెప్షన్ తెరిస్తేనే ఐడిక్షనరీ ఉన్న టైపులు, అంటే డిక్షనరీ రకాలు, కుదరవని తెలుస్తుంది. రైతు కోడు, బరువు పెట్టి చిన్న క్లాసు (డేటాకు అచ్చు లాంటిది) రాసి లిస్ట్‌గా మార్చాను. అరగంట పని.

అసలు దెబ్బ లారీ చిట్టీ దగ్గర తగిలింది. ఒక లారీలో నలుగురైదుగురు రైతుల లాట్లు వస్తాయి కాబట్టి 'లారీచిట్టీ' క్లాసును లిస్ట్ ఆఫ్ లాట్ (లాట్ల జాబితా) నుంచి ఇన్‌హెరిట్ చేసి, అంటే ఆ జాబితాకు వారసుడిగా రాసి, దానికి లారీ నంబరు, తేదీ, తేమ శాతం ప్రాపర్టీలుగా (క్లాసు దాచుకునే వివరాలు) కలిపాను. స్క్రీన్ మీద అన్నీ ఉన్నాయి, ఎర్రర్ లేదు. మిల్లులో సేటు ముందు, ఇద్దరు డ్రైవర్ల ముందు గుమస్తా ఫైలు తెరిచి, "తమ్మీ, లాట్లు మంచిగనే ఉన్నయ్ గని, గివి ఏ లారీవి? తేమ ఏడున్నది?" అన్నాడు. తల తీసేసినట్టయింది. సర్కారు కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు, ఆ అంకె లేని కాగితం రైతుకు ఎందుకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లో ఉన్న ఒక సీనియర్‌కు ఫోన్ చేస్తే "పబ్లిక్ పెట్టినవా? బేసిక్స్ చూస్కో" అని పెట్టేశాడు. పబ్లిక్ అంటే ప్రాపర్టీ బయటి కోడుకు కనిపించేలా ఉంచడం, నేను పబ్లిక్కే పెట్టాను. ప్రతి ప్రాపర్టీకి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎలిమెంట్ అనే గుర్తు రాసి చూశాను, తయారైన ప్రోగ్రాం ఉండే బిన్ ఫోల్డరు తుడిచేసి మళ్లీ బిల్డ్ చేశాను, మార్పు లేదు. రెండో రోజు రాత్రి ఫైలు మొదటి వరుస నిదానంగా చూస్తే 'లారీచిట్టీ' అన్న పేరే లేదు, 'అరేఆఫ్‌లాట్' (లాట్ల జాబితా) అని ఉంది. అప్పుడు వెలిగింది. క్లాసు తానే కలెక్షన్ (జాబితా) అయితే ఈ సీరియలైజర్ లోపలి ఐటమ్‌లనే రాస్తుంది, మనం కలిపిన ప్రాపర్టీలను నోరెత్తకుండా వదిలేస్తుంది. నాకు ఎవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను.

లారీ చిట్టీ అంటే లాట్ల జాబితా కాదు, లాట్ల జాబితా ఉన్న చిట్టీ. మిల్లులో కాగితం చిట్టీ కూడా అంతే కదా, పైన నంబరు, తేమ, కింద గళ్లు. ఇన్‌హెరిటెన్స్ తీసేసి లిస్ట్‌ను 'లాట్లు' అనే ప్రాపర్టీగా లోపల పెట్టగానే అన్నీ వచ్చాయి.

మీరు మాత్రం ఎర్రర్ రాలేదని నమ్మకండి. రాసిన ఫైలును వెంటనే డీసీరియలైజ్ చేసి, అంటే తిరిగి ప్రోగ్రాంలోకి చదివి, లెక్క సరిపోల్చండి. నేను అలా చూస్తేనే 4 లాట్లకు 5 వచ్చాయి: కన్‌స్ట్రక్టర్‌లో (కొత్త చిట్టీ తయారయ్యేటప్పుడు నడిచే కోడు) ఒక ఖాళీ లాటు ముందే వేసి ఉంచాను, ఫైలులోవి దాని వెనక చేరాయి. దాన్ని తీసేశాను. డేటాబేస్‌లో నంబర్లు భద్రంగానే ఉన్నాయి, ఆ రెండు రోజుల ఫైళ్లు ఈ సాయంత్రం మళ్లీ తీసి గుమస్తాకు ఇవ్వాలి.