పాత డీజిల్ క్యారవాన్‌ను కొనేముందు పరీక్షించాం: నా అనుభవం

పదవీ విరమణ చేశాక, మోకాళ్ళ నొప్పులతో రైలెక్కలేని మా అమ్మను దారిలో ఆగుతూ కాశీ తీసుకువెళ్ళాలన్న కోరికతో పాత క్యారవాన్ కోసం వెతకడం మొదలుపెట్టాను. 2012 నాటి పదమూడు సీట్ల డీజిల్ వ్యానులో సీట్లు తీసేసి, రెండు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు అమర్చిన బండి ఒకటి కళింగపట్నంలో అమ్మకానికి ఉందని తెలిసి, విజయనగరం నుంచి నేనూ మా ఆవిడా వెళ్ళి చూశాం. లోపలి కర్టెన్లూ టేకు అలమరలూ చూసి ఆమె సగం ఒప్పేసుకుంది. నిజం చెప్పాలంటే నేను ముప్పాతిక వంతు ఒప్పేసుకున్నాను.

సాలూరులో ముప్పై ఏళ్ళుగా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్న మేస్త్రి ఒకరు నాకు పరిచయం. ఆ సాయంత్రం ఫోను చేస్తే ఆయన ఒక్కటే అడిగారు: "మాస్టారూ, మీరు వెళ్ళేటప్పటికి ఇంజను చల్లగా ఉందా, వేడిగా ఉందా?" బానెట్ మీద చెయ్యి వేసి చూడాలన్న సంగతే నాకు తోచలేదు. వేడెక్కి ఉన్న పాత డీజిల్ ఇంజను ఎవరికైనా ఒక్క సెల్ఫుకే అందుకుంటుందనీ, దాని అసలు గుణం తెల్లవారుజామున బయటపడుతుందనీ ఆయన చెప్పాక, మేము వచ్చేదాకా బండి స్టార్టు చేయవద్దని యజమానిని కోరి, మేస్త్రిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

ఇంజను మూడో సెల్ఫుకు అందుకుంది. తెల్లటి పొగ వచ్చి రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. అది ఆగకుండా వస్తే కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) సిలిండర్లలోకి దిగుతోందేమోనని అనుమానించాలనీ, నీలం పొగ ఆయిల్ మండుతోందనడానికి గుర్తనీ, నల్లపొగకు ముందుగా ఎయిర్ ఫిల్టర్‌నూ డీజిల్ చిమ్మే నాజిళ్ళనూ చూడాలనీ మేస్త్రి వివరించారు. తర్వాత ఇంజను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, బిగించకుండా రంధ్రం మీద పెట్టారు. మూత కొద్దిగా వణికింది కాని ఎగిరి పడలేదు. పిస్టన్ రింగులు అరిగితే సిలిండర్ల నుంచి కిందికి జారే గాలి ఒత్తిడి (బ్యాక్ కంప్రెషన్) ఆ మూతను నిలవనివ్వదట. ఇంజను ఆపించి, బ్రేకు పెడలును నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా మళ్ళీ స్టార్టు చేయించారు. పెడలు కొంచెం కిందికి దిగింది కాబట్టి బ్రేకు తొక్కుడుకు బలమిచ్చే బూస్టరు పనిచేస్తోందన్నారు.

అసలు కథ బండి కింద ఉంది. సముద్రపు గాలికి ఏళ్ళ తరబడి నిలిపిన బండి కాబట్టి ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) తుప్పు ఉంటుందని ఊహించాను. మేస్త్రి మాత్రం చిన్న సుత్తితో తడుతూ వెళ్ళి, నీళ్ళ ట్యాంకు వెనుక అడ్డపట్టీ దగ్గర ఆగిపోయారు. అక్కడ మోత మారింది. ట్యాంకు పైపు జాయింటు నుంచి కారిన నీరు ఆ మూలనే నిలిచి ఇనుము పొరలుగా లేచిపోయింది, పైన కొత్తగా నల్లరంగు కొట్టారు. నేను ముచ్చటపడిన ఆ సదుపాయమే బండిని కింద నుంచి తింటోందన్నమాట.

టైర్ల గాడులు లోతుగానే కనిపించాయి. కాని పక్కన చెక్కిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్నీ చివరి రెండు ఏడాదినీ చెబుతాయి. నాలుగింటి మీదా 1417 అని, అంటే 2017లో పద్నాలుగో వారం అని ఉంది. గాడులు మిగిలినా టైర్లు పాతవేనన్నమాట. గ్యాసు సిలిండరు పెట్టె అడుగున బయటికి రంధ్రం లేదు. వంటగ్యాసు గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేల మీదే పేరుకుంటుంది. మనం పడుకునేదీ అక్కడే.

తర్వాత ట్యాంకు నిండా నీళ్ళు నింపి, చిలకపాలెం, రాజాం, బొబ్బిలి, రామభద్రపురం మీదుగా సాలూరు తీసుకువెళ్ళాం. ఆ గోతుల్లో కమాను పట్టీల (చక్రాల మీది స్ప్రింగు పట్టీల) మోత తెలిసింది. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ రోడ్డు ఎక్కించినప్పుడు టెంపరేచరు ముల్లు సగం దాటి నిలిచింది, దిగేటప్పుడు రెండో గేరులోనే బండి అదుపులో ఉంది. తిరిగి వచ్చి కాటా వేయిస్తే, ఆర్‌సీలో రాసిన పూర్తి బరువుకు 310 కిలోలే తక్కువ ఉంది. అంటే ఐదుగురు మనుషులు ఎక్కితే సామానుకు చోటు లేనట్టే. ఎవరూ పట్టించుకోని ఈ కాటా చీటీయే నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది.

కాగితాల్లో మరో చిక్కు కనిపించింది. బండి సొంత వాడకపు క్యాంపర్‌గా కాక, ఇంకా పదమూడు సీట్ల వాహనంగానే ఆర్‌సీలో ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఆర్‌సీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. పైగా 15 ఏళ్ళ రిజిస్ట్రేషను 2027తో ముగుస్తుంది. అప్పుడు తనిఖీకి నిలబెట్టవలసింది ఈ బండినే.

అడిగిన 6 లక్షల నుంచి ఛాసిస్ వెల్డింగు, టైర్లు, కమాన్ల ఖర్చు తీసివేసి 4 లక్షల 40 వేలు చెప్పాను. ఆర్‌సీలో మార్పును తన ఖర్చుతో నమోదు చేయించాకే యాజమాన్య బదిలీకి ఇచ్చే ఫారం 29, 30ల మీద సంతకాలని షరతు పెడితే, యజమాని రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. ప్రస్తుతం బండి సాలూరు షెడ్డులో ఉంది. నీళ్ళ ట్యాంకు దించేశారు, దాని స్థానంలో 40 లీటర్ల చిన్న ట్యాంకు పెట్టిస్తున్నాం. కర్టెన్లు మాత్రం మార్చవద్దని మా ఆవిడ మాట.