ఇంటి ఇన్సూరెన్స్ ఇక ఇవ్వలేమని ఉత్తరం వచ్చిందా? ముందు రూఫు సంగతి చూడండి

టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి రెండు రకాల ఉత్తరాలు వస్తుంటాయి. ఒకదాంట్లో ప్రీమియం నిరుటి కన్నా బాగా పెంచామని ఉంటుంది. రెండోదాంట్లో వచ్చే ఏడాదికి అసలు పాలసీయే ఇవ్వలేమని ఉంటుంది. చాలాసార్లు రెండింటికీ మూలం ఒకటే, ఇంటి కప్పు. డాలస్ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో నిమ్మకాయంత వడగళ్లు పడటం మామూలు. ఒక్క సాయంత్రం వానకు కాలనీ మొత్తం రూఫులు మార్చుకోవాల్సి వస్తుంది. కంపెనీ మీ ఇంటికి ధర కట్టేటప్పుడు ముందు చూసేది ఆ కప్పునీ, దాని వయసునీ. మీరు చూడాల్సింది కూడా అదే. కానీ మనలో ఎక్కువమంది ప్రీమియం అంకె ఒక్కటే చూసి, అది ఎక్కడ తగ్గితే అక్కడికి మారిపోతున్నారు. నష్టం జరిగేది అక్కడే.

ఉత్తరం రాగానే మొదట అది ఏ ఉత్తరమో చూసుకోండి. నాన్‌రెన్యువల్ వేరు, క్యాన్సిలేషన్ వేరు. నాన్‌రెన్యువల్ అంటే గడువు తేదీ దాకా పాలసీ ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. టెక్సాస్‌లో దీనికి కంపెనీ కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. క్యాన్సిలేషన్ అంటే మధ్యలోనే తీసేయడం. దానికి 10 రోజుల నోటీసు చాలు, కానీ పాలసీ మొదలై 60 రోజులు దాటాక ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేదు. డబ్బు కట్టకపోవడం, మోసం, ఇంటికి ప్రమాదం పెరగడం లాంటి గట్టి కారణం ఉండాలి. డబ్బు కట్టని కేసుల్లో కొన్నిసార్లు తప్పు లోన్ సర్వీసర్‌ది, అంటే లోన్ వాయిదాలు వసూలు చేసే కంపెనీది, అయి ఉంటుంది. లోన్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి అమ్ముడైనప్పుడు బిల్లు పాతవాళ్లకు వెళ్తుంది, కొత్తవాళ్లు ఎస్క్రోలోంచి (ఇన్సూరెన్స్, పన్నుల కోసం వాయిదాతోపాటు మీ దగ్గర తీసి పక్కన పెట్టే డబ్బు) కట్టరు. ఇలాంటప్పుడు అదే రోజు ఇద్దరికీ ఫోన్ చేసి, కట్టిన రుజువు పంపి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా పాలసీని తిరిగి నిలబెట్టారని రాతపూర్వకంగా తీసుకోండి.

నాన్‌రెన్యువల్ అయితే కారణం రాసి ఇమ్మని అడగండి. అడిగితే ఇవ్వాల్సిందే. ఇప్పుడు చాలా కంపెనీలు విమానం నుంచో డ్రోన్ నుంచో తీసిన ఫొటోలు చూసి నిర్ణయిస్తున్నాయి. రూఫు మీదికి వాలిన చెట్టుకొమ్మ, నీలిరంగు టార్పాలిన్, కంచె లేని స్విమ్మింగ్ పూల్, పెరట్లో ట్రాంపొలిన్ లాంటివి ఆ ఫొటోల్లో పట్టుబడతాయి. ఆ ఫొటో, అది తీసిన తేదీ అడిగి తెప్పించుకోండి. రూఫు మార్చకముందు తీసిన పాత ఫొటోతో నోటీసు పంపిన సందర్భాలూ ఉంటాయి. కొమ్మ కొట్టించి, తేదీ కనిపించేలా ఫొటోలు, రూఫర్ ఇచ్చిన బిల్లు పంపితే కొన్ని కంపెనీలు నిర్ణయం వెనక్కి తీసుకుంటాయి. ఈ పని మొదటి వారంలోనే చేయాలి. యాభయ్యో రోజున కొమ్మలు కొట్టిస్తే వినేవాళ్లుండరు.

క్లెయిములు కారణమని రాస్తే ఇంకాస్త జాగ్రత్తగా చదవండి. టెక్సాస్ చట్టం ప్రకారం క్లెయిముల సంఖ్య చూపించి రెన్యూ చేయకపోవాలంటే మూడేళ్లలో మూడు క్లెయిములుండాలి. వడగళ్లు, గాలివాన లాంటి ప్రకృతి నష్టాలు ఆ లెక్కలోకి రావు. పైసా చెల్లించని క్లెయిములూ రావు. 'ఇది కవర్ అవుతుందా' అని ఊరికే ఫోన్ చేసి అడిగినదాన్ని క్లెయిముగా లెక్కగట్టకూడదు. మీ ఇంటి క్లెయిముల చరిత్ర లెక్సిస్‌నెక్సిస్ అనే సంస్థ దగ్గర 'క్లూ' రిపోర్టులో ఏడేళ్ల వరకు ఉంటుంది. ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. కొత్త కంపెనీలకు ఫోన్ చేసేముందే తెప్పించుకుని చూడండి, తప్పులుంటే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. క్రెడిట్ స్కోరు ఒక్కటే చూపించి కాదనడానికీ వీల్లేదు. ఉద్యోగం పోవడం, పెద్ద జబ్బు, విడాకులు లాంటి వాటివల్ల స్కోరు పడిపోయుంటే మినహాయింపు ఇవ్వమని లెటర్ రాయొచ్చు. లేఆఫ్ అయినవాళ్లు ఇది తప్పకుండా వాడుకోవాలి. కంపెనీ అడ్డం తిరిగితే టెక్సాస్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, నంబరు 800-252-3439. ఫిర్యాదుకు ఖర్చేమీ ఉండదు.

ఇక కొత్త పాలసీ వెతకడం. గడువుకు 45 రోజుల ముందైనా మొదలుపెట్టండి. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంట్ ఆ కంపెనీ రేటే చెప్పగలడు. పది కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంట్లలో ఇద్దరిని పట్టుకోండి, నేరుగా అమ్మే కంపెనీల్లో ఒకటో రెండో విడిగా అడగండి. అందరికీ ఒకే కాగితం ఇవ్వండి, మీ ఇప్పటి డెక్లరేషన్ పేజీ, అంటే పాలసీ ముఖ్య వివరాలన్నీ ఉండే పేజీ. దాంతోపాటు రూఫు ఎప్పుడు వేయించారో చూపించే బిల్లు, ఏసీ, వాటర్ హీటర్ మార్చిన సంవత్సరాలు కూడా పంపండి. రూఫు వయసు చెప్పకపోతే కంపెనీ ఇల్లు కట్టిన సంవత్సరాన్నే రూఫు వయసుగా వేసుకుంటుంది. 2008లో కట్టిన ఇంటికి 2021లో కొత్త రూఫు వేయించి, ఆ బిల్లు పెట్టకపోతే పాత రూఫు రేటే కట్టాల్సి వస్తుంది.

కొటేషన్లు వచ్చాక ప్రీమియం అంకెను కాసేపు చేత్తో మూసేసి, రూఫు వరుస చదవండి. వడగళ్లు, గాలికి డిడక్టిబుల్ (నష్టంలో ముందు మీరు భరించాల్సిన మొత్తం) విడిగా ఉంటుంది, అదీ శాతంలో. శాతం అంటే జరిగిన నష్టంలో శాతం కాదు, ఇంటి కవరేజీలో, అంటే ఇంటికి పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తంలో శాతం. కవరేజీ 5,00,000 డాలర్లయితే 1 శాతం అంటే 5,000, 2 శాతం అంటే 10,000. దాని పక్కనే రూఫుకు రీప్లేస్‌మెంట్ కాస్టా, యాక్చువల్ క్యాష్ వాల్యూనా అని ఉంటుంది. మొదటిది కొత్త రూఫు ధర ఇస్తుంది. రెండోది వయసుకు తగ్గట్టు తరుగు తీసేసి ఇస్తుంది.

లెక్క వేసి చూద్దాం. రూఫు మార్చడానికి 22,000 డాలర్లు అవుతుందనుకోండి. రూఫు వయసు 12 ఏళ్లు, కంపెనీ దాని ఆయుష్షు 20 ఏళ్లుగా లెక్కేసింది. రీప్లేస్‌మెంట్ కాస్ట్, 1 శాతం డిడక్టిబుల్ ఉంటే మీకు వచ్చేది 17,000. అది కూడా ఒకేసారి రాదు. ముందు తరుగూ డిడక్టిబులూ తీసేసి 3,800 చెక్కు వస్తుంది. పని పూర్తయి బిల్లు పంపాక మిగతా 13,200 వస్తుంది. అదే యాక్చువల్ క్యాష్ వాల్యూ, 2 శాతం డిడక్టిబుల్ అయితే రూఫు విలువ 8,800, డిడక్టిబుల్ 10,000. వచ్చేది సున్నా. ఏడాదికి వెయ్యి డాలర్లు మిగిలిందని ఈ పాలసీ తీసుకున్నవాళ్లకు కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ప్రీమియం తగ్గించుకోవాలంటే అగ్ని, దొంగతనం, నీటి నష్టాలకు వర్తించే మామూలు డిడక్టిబుల్‌ను పెంచుకోండి. ఫ్యానీ మే (బ్యాంకుల నుంచి ఇళ్ల లోన్లు కొనే సంస్థ) లోన్లకు డిడక్టిబుల్ కవరేజీలో 5 శాతం దాటకూడదు, అది గుర్తుంచుకోండి. రూఫు పదేళ్లు దాటుంటే మాత్రం రీప్లేస్‌మెంట్ కాస్ట్ వదులుకోవద్దు. కంపెనీలు ఇవ్వనంటే, పాలసీ కన్నా ముందు రూఫు మార్చుకునే ఖర్చు లెక్కేయడం మేలు.

రూఫు ఎలాగూ మార్చేటట్టయితే క్లాస్ 4 షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) ధర అడగండి. యూఎల్ 2218 పరీక్షలో రెండంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వదిలినా పగలని రకం అది. టెక్సాస్‌లో దీనికి చాలా కంపెనీలు డిస్కౌంటు ఇస్తాయి. రూఫర్ చేత ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ ఫారం పీసీ068 నింపించి, షింగిల్స్ కట్ట మీద కాగితం ఫొటో కూడా తీసి దాచుకోండి. కట్టలు విప్పి పారేశాక ఆ రుజువు దొరకదు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. డిస్కౌంటుతోపాటు 'కాస్మెటిక్ డ్యామేజ్' మినహాయింపు తగిలిస్తారేమో చూడండి. అంటే సొట్టలు పడినా నీళ్లు కారనంతవరకు డబ్బివ్వరు. షింగిల్స్‌కు ఇది కొంతవరకు పర్లేదు, మెటల్ రూఫుకు మాత్రం పెద్ద నష్టం.

వడగళ్ల వాన వెలిసిన మర్నాడు రూఫు ఎక్కక్కర్లేదు. గట్టర్ గొట్టం నీళ్లు వదిలేచోట నేల చూడండి. నల్లటి గసగసాల్లాంటి రేణువులు దోసెడు పోగుపడి ఉంటే షింగిల్స్ దెబ్బతిని ఉండొచ్చు. దెబ్బ తగిలినచోట రేణువులు రాలిపోయి, బొటనవేలితో నొక్కితే మగ్గిన పండులా మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత తలుపు తట్టి 'మీ డిడక్టిబుల్ మేమే చూసుకుంటాం' అనే రూఫర్లు వస్తారు. వాళ్లను నమ్మొద్దు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో అది నేరం. మీరు డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు.

ధర మరీ తక్కువగా ఉంటే ఫారం పేరు చూడండి. హెచ్‌ఓ-3 అయితే మినహాయింపుల్లో లేని ఏ నష్టమైనా ఇంటికి కవర్ అవుతుంది. హెచ్‌ఓ-ఏ అయితే పాలసీలో పేరుపెట్టి రాసిన ప్రమాదాలకే, అదీ తరుగు తీసేసి. ఇంటి కవరేజీని తగ్గించి ప్రీమియం తగ్గించడం కూడా ప్రమాదమే. ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చులో కనీసం 80 శాతానికి పాలసీ ఉండాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. 5,00,000 ఖర్చయ్యే ఇంటికి 3,00,000కే తీసుకుంటే, ఉండాల్సిన 4,00,000లో అది ముప్పావు వంతే కాబట్టి, వంటింట్లో 40,000 డాలర్ల అగ్ని నష్టం జరిగితే 30,000 చొప్పునే లెక్కగట్టి, అందులోంచి డిడక్టిబుల్ తీసేస్తారు. కొన్న ధరతో దీనికి సంబంధం లేదు, అందులో స్థలం విలువ కూడా ఉంటుంది.

మన ఇళ్లకు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బంగారం దొంగతనానికి మామూలు పాలసీలో మొత్తం నగలన్నిటికీ కలిపి 1,500 డాలర్ల పరిమితే ఉండటం సాధారణం. ఒక్క నల్లపూసల గొలుసుకే అది చాలదు. వాల్యుయేషన్ చేయించి నగల జాబితాను విడిగా చేర్పించాలి. చలికాలంలో ఇండియా వెళ్లేటప్పుడు హీటర్ ఆన్‌లో ఉంచాలి, లేదంటే మెయిన్ వాల్వు కట్టేసి పైపుల్లో నీళ్లు వదిలేయాలి. లేకపోతే పైపులు గడ్డకట్టి పగిలిన నష్టానికి కవరేజీ ఉండదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను చలి ముంచెత్తినప్పుడు ఎన్ని ఇళ్లలో పైపులు పగిలాయో అందరికీ గుర్తే. కొత్త ఇల్లు కొని పాతది అద్దెకిచ్చినవాళ్లు వెంటనే ల్యాండ్‌లార్డ్ పాలసీకి మారాలి. యజమాని ఉండే ఇల్లని రాసిన పాలసీతో అద్దెకున్నవాళ్ల ఇంటికి క్లెయిమ్ పెడితే తిరస్కరించొచ్చు. హ్యూస్టన్‌వాళ్లకు వరద పాలసీ వేరేగా కావాలి. ప్రభుత్వ పథకంలో ఇంటికి 2,50,000, సామాన్లకు 1,00,000 డాలర్ల దాకా ఇస్తారు. సాధారణంగా 30 రోజులాగాకే అది అమల్లోకి వస్తుంది, కాబట్టి తుఫాను టీవీలో కనిపించాక తీసుకుంటే పనికిరాదు.

ఎవరూ ఇవ్వకపోతే టెక్సాస్ ఫెయిర్ ప్లాన్ ఉంది. కనీసం రెండు లైసెన్సు కంపెనీలు కాదన్నాయని చూపించాలి. సర్‌ప్లస్ లైన్స్ కంపెనీలు (రాష్ట్ర లైసెన్సు లేకపోయినా అమ్మే అనుమతి ఉన్నవి) కూడా ఇస్తాయి, కానీ అవి దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ నిధి ఆదుకోదు. సంతకం పెట్టేముందు ఆ మాట ఏజెంట్ నోటితో చెప్పించుకోండి. కాలిఫోర్నియా చుట్టాలు అడిగితే అక్కడి లెక్క వేరని చెప్పండి. నాన్‌రెన్యువల్ నోటీసు 75 రోజులు. అక్కడి ఫెయిర్ ప్లాన్ ఇంటికి 30 లక్షల డాలర్ల దాకా ఇస్తుంది కానీ ప్రధానంగా మంటలకూ పొగకూ మాత్రమే. దొంగతనం, పైపుల నీళ్లు, ఎవరైనా దావా వేయడం లాంటి వాటికి 'డిఫరెన్స్ ఇన్ కండిషన్స్' అనే రెండో పాలసీ జత చేయాలి.

ఏమీ దొరకలేదని ఊరుకుంటే లోన్ సర్వీసరే ఒక పాలసీ తెచ్చి మీ ఖాతాలో వేస్తుంది. అది చాలా ఖరీదు, కాపాడేదీ ముఖ్యంగా బ్యాంకు డబ్బునే. మీ సామాన్లకు మామూలుగా అందులో ఏమీ ఉండదు. దాని డబ్బు వసూలు చేయడానికి 45 రోజుల ముందు నోటీసివ్వాలి. మీరు సొంత పాలసీ రుజువు పంపితే 15 రోజుల్లో తీసేసి, రెండూ కలిసున్న రోజుల డబ్బు వెనక్కివ్వాలి.

కొత్త పాలసీ ఖాయమైన రోజున చేయాల్సిన పనిని చాలామంది వదిలేస్తారు. సర్వీసర్ పేరు, చిరునామా, లోన్ నంబరు పాలసీ మీద అక్షరం తప్పు లేకుండా ఉన్నాయో లేదో చూసుకుని ఆ కాగితం సర్వీసర్‌కు మీరే పంపండి. పాత పాలసీని కొత్తది మొదలయ్యే తేదీకే ఆపించండి, ముందుగా కాదు. పాత కంపెనీ మిగిలిన డబ్బును మీ పేరు మీదే చెక్కుగా పంపుతుంది. అది ఎస్క్రోలోంచి కట్టిన డబ్బు, మళ్లీ ఎస్క్రోలోనే వేసేయండి. లేకపోతే వచ్చే లెక్కల్లో లోటు చూపించి నెలవారీ వాయిదా పెంచుతారు. ప్రీమియం పెరిగినా అంతే. 3,000 ఉన్నది 4,800 అయితే నెలకు 150 పెరుగుతుందనుకుంటాం. కానీ ఈ ఏడాది లోటు 1,800ను కూడా పన్నెండు నెలలకు పంచి ఇంకో 150 కలుపుతారు. లోటును ఒకేసారి కట్టేస్తామని సర్వీసర్‌కు చెబితే ఆ రెండో 150 పడదు.