చిలక ముక్కుకీ మామిడి ధరకీ ఏం సంబంధం?

ఏడో తరగతి పిలకాయలకు ఒక పేరా ఇచ్చి, ముఖ్యమైన వాక్యాల కింద గీత గీయమని చెప్పి చూడండి. పేరా మొత్తం గీసేస్తారు. ఎక్కడైనా ఒక వాక్యం మిగిలిందంటే అక్కడ పెన్సిల్ మొన విరిగిందని అర్థం. ఈమధ్య రంగు రంగుల హైలైటర్లు కూడా వచ్చాయి, ఇక చెప్పనే అక్కర్లేదు.

చంద్రగిరికీ పాకాలకూ మధ్య ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. పాఠం వెనక ‘అవగాహన–ప్రతిస్పందన’ ఉంటుంది, పరీక్షలో అపరిచిత గద్యం ఉంటుంది. రెండింటికీ మావాళ్ల పద్ధతి ఒకటే. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతకడం, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేయడం. దానికి మార్కులు పడతాయి కూడా. అసలు చిక్కు అక్కడే ఉంది.

“ఈ పేరా ఏం చెబుతోంది?” అని అడిగితే “మామిడి గురించి సార్” అంటారు. మామిడి గురించి ఏం చెబుతోందిరా అంటే ఎవరూ మాట్లాడరు. మామిడి అనేది అంశం మాత్రమే. “తోతాపురి రైతుకు ధర తన చేతిలో ఉండదు” అన్నామనుకోండి, అది ముఖ్యభావం. దాన్ని ఎవరైనా ఒప్పుకోవచ్చు, కాదని వాదించనూ వచ్చు. ఉత్త మామిడికాయతో ఎవరు వాదిస్తారు?

మామిడినే తీసుకోవడానికి కారణం ఉంది. మా పిలకాయల్లో చాలామందికి తోటలున్నాయి, లేనివాళ్ల ఇళ్లలో అమ్మానాన్నలు కోతలకు కూలికి పోతారు. పుస్తకంలో పేరా వద్దనుకుని బోర్డు మీద నేనే ఒకటి రాశాను:

“చిత్తూరు ప్రాంతంలో తోతాపురి తోటలు ఎక్కువ. ఈ కాయ కొస చిలక ముక్కులా వంగి ఉంటుంది. పంటలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. మాగిన కాయ ఎక్కువ రోజులు నిలవ ఉండదు. 2025లో ధర బాగా పడిపోయినప్పుడు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు కలపాలని నిర్ణయించారు.”

ముఖ్యభావం కూడా నేనే పైన రాసిచ్చేశాను. దాన్ని కనుక్కోవడం ఇంకో రోజు పని. రెండూ ఒకే పీరియడ్‌లో పెట్టుకుంటే రెండూ చెడతాయి. ఆ రోజు పనల్లా ఏ వాక్యం ఆ భావాన్ని నిలబెడుతుందో తేల్చడమే. అందుకు ఒక్కొక్కరిని లేపి, ముఖ్యభావం చదివి, ‘ఎందుకంటే’ అని, తర్వాత ఒక వాక్యం చదవమన్నాను.

“తోతాపురి రైతుకు ధర తన చేతిలో ఉండదు. ఎందుకంటే ఈ కాయ కొస చిలక ముక్కులా వంగి ఉంటుంది.”

క్లాసంతా గొల్లుమంది. చదివినవాడు కూడా నవ్వాడు. ఆ వాక్యం అబద్ధం కాదు, మామిడి గురించే ఉంది, అయినా ఇక్కడ అతకదు. ఇది నేను నోటితో ఎంత వివరించినా ఎక్కేది కాదు, చెవికి వినబడేసరికి ఎక్కింది. నిలవ ఉండదన్న వాక్యం, ఫ్యాక్టరీలకే పోతుందన్న వాక్యం చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు.

2025 వాక్యం దగ్గర చదువుతున్న పిల్ల ఆగిపోయింది. ‘ఎందుకంటే’ పెడితే సరిగా కుదరడం లేదు, తీసేద్దామంటే మనసు ఒప్పడం లేదు. “ఉదాహరణకు అంటే సరిపోతుంది కదా సార్” అంది వెనక బెంచీ నుంచి ఇంకొకమ్మాయి. కారణం చెప్పే వాక్యం వేరు, జరిగినదాన్ని చూపించే వాక్యం వేరు, రెండూ ఆధారాలే. ఈ మాట వాళ్ల నోటి నుంచే వచ్చింది కాబట్టి నేను బోర్డు మీద రాయాల్సిన పని కూడా పడలేదు.

పెద్ద గొడవ మొదటి వాక్యం మీద జరిగింది. తోటలు ఎక్కువ ఉంటే ధరకేం సంబంధమని సగం మంది. “తోటలు ఎక్కువైతే కాయ ఎక్కువ, కాయ ఎక్కువైతే ధర తగ్గదా?” అని ఒకడు లేచాడు. నిజమే, కానీ ఆ మధ్య మెట్టు పేరాలో లేదు, వాడి బుర్రలోంచి వచ్చింది. ఆ మెట్టును కూడా నీ జవాబులో రాస్తే ఒప్పుకుంటానన్నాను. ఇలాంటివాడికి ‘తప్పు’ అని ఎర్ర పెన్నుతో కొట్టేయడం నాకు ఇష్టం ఉండదు.

ఇంకో అబ్బాయి చెయ్యెత్తాడు. “పోయినేడు మా నాయన ఫ్యాక్టరీ గేటు కాడ రాత్రంతా ట్రాక్టర్ మీదే పండుకున్నాడు సార్. అది రాయొచ్చా?” పేరా ఆధారంగా రాయమంటే రాయకూడదు, నీ సొంత వ్యాసమైతే అదే ముందు రాయాలి అన్నాను. “ఒక్కరికే జరిగుంటే?” అని పక్కనున్న పిల్ల. వెంటనే మా మామకు, మా పెదనాయనకు అంటూ చేతులు లేచాయి. ఒక్క ఉదాహరణ చాలదని ఆ పిల్లకు ఎవరు నేర్పారో తెలియదు.

మర్నాడు చంద్రగిరి కోట. అందరూ చూసిందే. ఈసారి వాక్యాలను చీటీల మీద రాసి, బోర్డును నిలువుగా రెండు చేశాను. ఎడమవైపు “చంద్రగిరి ఒకప్పుడు పెద్ద రాజకీయ కేంద్రం”, కుడివైపు “తిరుపతికి వచ్చినవాళ్లు చంద్రగిరి కోట చూసే వెళ్లాలి”. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజుల రాజధాని పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి మారిందన్న చీటీ నేరుగా ఎడమకు పోయింది. రాజమహల్లో మ్యూజియం ఉందన్నది కుడికి. మద్రాసులో కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీకి 1639లో స్థలం దక్కింది చంద్రగిరి రాజు ఏలుబడిలోనే అన్న చీటీని ఎడమవైపు అంటించబోతుంటే ఒకడు అడ్డుపడ్డాడు. “కుడివైపూ పెట్టొచ్చు సార్. మెడ్రాసోళ్లు వస్తే చెప్పొచ్చు, మీ ఊరికి చోటిచ్చింది మా రాజేనని.” తమిళనాడు బస్సులు రోజూ చూసే ఊళ్ల పిలకాయలు మరి. అదే చీటీ ఇంకొకటి రాసి కుడివైపూ అంటించాం. ఆధారమన్నది వాక్యంలో పుట్టుకతో ఉండే గుణం కాదు, మనం ఏం నిరూపించాలనుకుంటున్నామో దాన్ని బట్టి వస్తుంది. నేను చెప్పాలనుకున్నదల్లా ఇదే.

రాజమహల్ కట్టడంలో కలప వాడలేదన్న చీటీ మాత్రం ఎటూ పోలేదు. కుడివైపు కొంచెం సరిపోతుందన్నారు, ఎడమవైపు అసలు కాదన్నారు. కాసేపు చూసి ఒకడు బోర్డు కింద మూడో భావం రాశాడు: “ఆ కాలం మేస్త్రీలు గట్టోళ్లు.” ఒక్క ఆధారంతో నిలబడదురా అంటే, ఇంకోటి వెతికి తెస్తానన్నాడు. ఇంకా తేలేదు.

తోటి టీచర్లకు ఒక మాట. మీ యూనిట్ టెస్టులో ‘పేరాకు శీర్షిక పెట్టండి’ తీసేసి, ‘ఈ భావానికి సంబంధం లేని వాక్యం ఏది? ఎందుకు?’ అని అడిగి చూడండి. పేపరు దిద్దడానికి టైం ఎక్కువ పడుతుంది, గైడ్‌లో జవాబు లేదని పిలకాయలు గోల చేస్తారు. చేయనివ్వండి. నేను వచ్చే వారానికి శేషాచలం ఎర్రచందనం మీద పేరా రాస్తున్నాను. అందులో సినిమా గురించి కావాలనే ఒక వాక్యం ఇరికించాను. దాని తరఫున ఎంతమంది వాదనకు దిగుతారో చూడాలి.