ఒకే మోకాలు, నాలుగు రిపోర్టులు

నా కుడి మోకాలికి తీసిన మొదటి ఎక్స్‌రే రిపోర్టులో "చెప్పుకోదగ్గ అరుగుదల లేదు" అని ఉంది. ఆ కవరు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకీ ప్రాణం పోయింది. తెనాలిలో ప్రభుత్వ బడిలో 26 ఏళ్లు నిలబడి సైన్స్ పాఠాలు చెప్పినదాన్ని. ఏమీ లేదని కాగితం చెబుతుంటే, నొప్పి నేనే ఊహించుకుంటున్నానా అని కూడా అనిపించింది. ఏడాదిపాటు నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చాను. ఆ ఏడాది గురించి ఇప్పటికీ బాధపడతాను.

తర్వాత గుంటూరులో ఒక ఎముకల డాక్టర్ గారు ఆ పాత ఫిల్ము చూసి అడిగిన మొదటి ప్రశ్న: "టీచర్ గారూ, ఇది పడుకోబెట్టి తీశారా, నిలబెట్టి తీశారా?"

పడుకోబెట్టే తీశారు.

ఆయన వెంటనే రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి నిలబడమని కొత్త ఎక్స్‌రే తీయించారు. తర్వాత మోకాళ్లు కాస్త వంచి, చిప్పలు పలకకు ఆనించి, వెనక నుంచి ఇంకొకటి. మూడు ఫిల్ములూ లైటు పెట్టె మీద పక్కపక్కన పెట్టి, జేబులోంచి చిన్న స్కేలు తీసి నా ముందే కొలిచారు. మోకాలి లోపలి వైపు ఎముకల మధ్య సందు పడుకున్నప్పుడు నాలుగున్నర మిల్లీమీటర్లు. నిలబడితే 3. వంచి నిలబడితే 2. మోకాలు అదే, మనిషినీ నేనే. బరువు పడితేగానీ ఆ సందు ఎంత తగ్గిందో బయటపడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం "గుజ్జు అరిగింది" అంటాం. బడిలో నేను బోర్డు మీద "మృదులాస్థి" అని రాసేదాన్ని. గుజ్జు అనేసరికి లోపల ఏదో జిగురు ఉందని, అది ఎండిపోయిందని చాలామంది అనుకుంటారు. కోడి తొడ ఎముక చివర తెల్లగా, నున్నగా, పంటికి పటుక్కుమనే పొర ఉంటుంది చూడండి, అదీ మృదులాస్థి. ఎక్స్‌రేలో ఆ పొర అసలు పడదు. కనిపించేది రెండు ఎముకల మధ్య ఖాళీ మాత్రమే. ఖాళీ తగ్గింది కాబట్టి పొర అరిగిందని డాక్టర్లు లెక్కగడతారు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు పెట్టిన 0 నుంచి 4 వరకు గ్రేడ్లే ఇప్పటికీ వాడుతున్నారు; 0 అంటే అరుగుదల లేనట్టు, 4 అంటే బాగా ముదిరినట్టు. ఎముక అంచుల్లో ముళ్లలా పెరిగినవి, సందు ఎంత తగ్గింది, ఇవి చూసి నాది గ్రేడ్ 3 అన్నారు.

"ఎంఆర్ఐ వద్దా సార్?" అని అడిగాను. "ఇప్పుడు అవసరం లేదమ్మా, దాంతో వైద్యం మారదు" అన్నారు. ఖరీదైన పరీక్ష వద్దన్న డాక్టరు మీద నాకు నమ్మకం కుదిరింది.

మూడు వారాలకు ఒకరోజు పీట మీద నుంచి లేవబోతే మోకాలు బిగుసుకుపోయింది. చాపలేను, ముడవలేను. కాసేపటికి దానంతటదే విడిపోయింది కానీ, అప్పుడు ఆయనే ఎంఆర్ఐ రాశారు. లోహం ఏదీ ఉండకూడదంటే పుస్తెలు తీసి, పసుపు కొమ్ము కట్టిన దారం మెడలో వేసుకున్నాను. మా తోడికోడలు ఇంటి దగ్గరే దాన్ని సిద్ధం చేసి తెచ్చింది. దడదడమనే ఆ చప్పుడులో అరగంట కదలకుండా పడుకున్నాను. ఆ దారం పట్టుకుని ఉంటే టెన్షన్ కాస్త తగ్గింది.

ఎక్స్‌రే చెప్పలేనివి అందులో తెలిశాయి. లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర పొర పూర్తిగా పోయింది. చిప్ప వెనక కూడా పలచబడింది. ఎముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ చిరిగి పక్కకు జరిగింది. ఎక్స్‌రేలో సందు తగ్గడానికి ఇదీ కొంత కారణమేనట. అంటే నేను గుజ్జు అరుగుదల అనుకున్న ఆ మిల్లీమీటర్లన్నీ గుజ్జువే కావు. పొర పోయిన చోట కింది ఎముకలో వాపు కూడా ఉంది. మృదులాస్థికి నరాలు లేవు, అందులో నొప్పి పుట్టదు. నొప్పి ఆ ఎముక నుంచి, కీలు చుట్టూ ఉండే పొర నుంచి వస్తుంది. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పిన పాఠం నా మోకాల్లో అప్పుడు అర్థమైంది.

నా రిపోర్టు చూసి మా ఆడపడుచు తనకూ ఎంఆర్ఐ తీయించమంది. తనకు నొప్పి లేదు, ఊరికే భయం. వద్దని గట్టిగా చెప్పాను. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 50 దాటి, ఎక్స్‌రేలో అరుగుదల లేని 710 మందికి ఎంఆర్ఐ తీస్తే 89 శాతం మందిలో ఏదో ఒక తేడా కనిపించిందని 2012లో ప్రచురించారు. నొప్పి లేనివాళ్లలో కూడా దాదాపు అంతే. వెతికితే దొరుకుతుంది, దొరికాక నిద్ర పట్టదు.

రెండో అభిప్రాయం కోసం వెళ్లిన ఇంకో ఆస్పత్రిలో "చిన్న రంధ్రం వేసి కెమెరాతో చూస్తే అసలు సంగతి తేలుతుంది, పనిలో పనిగా శుభ్రం చేసేస్తాం" అన్నారు. కళ్లతో చూసి, కొక్కెంతో తాకి చూసే ఆ పద్ధతితోనే మిగతా పరీక్షలను పోల్చి చూస్తారన్నది నిజమే. కానీ దానికి మత్తు ఇవ్వాలి, చర్మం కోయాలి. పైగా పైపొరే కనిపిస్తుంది, కింది ఎముకలో వాపు కనిపించదు. గుంటూరు డాక్టర్ గారిని అడిగితే హ్యూస్టన్‌లో 180 మంది మీద జరిగిన పరీక్ష గురించి చెప్పారు. 2002లో ఫలితాలు వచ్చాయి. కొందరికి నిజంగా శుభ్రం చేశారు, కొందరికి పైన కోత పెట్టి కుట్లు మాత్రం వేశారు. నొప్పి తగ్గడంలో రెండు రకాల వాళ్లకూ తేడా లేదు. మళ్లీ మళ్లీ బిగుసుకుంటే అప్పుడు ఆలోచిద్దామన్నారు. ఆపరేషన్ వద్దనుకున్నాను.

నాలుగో రిపోర్టు ఖర్చు లేనిది. ఫిజియో అమ్మాయి 24 ప్రశ్నల కాగితం ఇచ్చింది. నొప్పి మీద 5, బిగుతు మీద 2, రోజువారీ పనుల మీద 17. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు అంకె వేయాలి, అంకె పెరిగితే బాధ ఎక్కువన్నమాట. మంచం దిగడం, మేజోళ్లు వేసుకోవడం, బజారుకు వెళ్లడం... రాస్తూ ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా ఏ పరీక్షా నన్ను ఇవి అడగలేదు.

మూడు నెలలు తొడ కండరాల వ్యాయామం మానకుండా చేశాను, 6 కిలోలు తగ్గాను. ఎక్స్‌రే మళ్లీ తీయలేదు, పోయిన పొర తిరిగి రాదని డాక్టర్ గారు ముందే చెప్పారు. కాగితం మాత్రం మళ్లీ నింపాను. "మెట్లు దిగేటప్పుడు" అన్నచోట మొదటిసారి 3 వేశాను. ఈసారి 1.