అయుత్తయ ఒక్క రోజులో: ఏది ముందు, ఏది తర్వాత

బ్యాంకాక్ నుంచి థాయ్‌లాండ్ పాత రాజధాని అయుత్తయకు రైలు దారిలో 71 కిలోమీటర్లే. చిక్కంతా ఏ స్టేషన్‌కు వెళ్ళాలన్న దగ్గరే. 2023 జనవరిలో దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్‌లను బాంగ్ సూలోని కొత్త క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్‌కు మార్చారు. ఊరూరా ఆగే ఆర్డినరీ బళ్ళు మాత్రం పాత హువా లాంపోంగ్ నుంచే బయల్దేరతాయి. ఒకదాని టికెట్ మనసులో పెట్టుకుని ఇంకోదానికి వెళ్తే పొద్దుటి బండి పోయినట్టే. డాన్ ముయాంగ్ విమానాశ్రయంలో దిగేవాళ్ళయితే అసలు బ్యాంకాక్‌లోకే వెళ్ళనక్కర్లేదు, అక్కడే రైలెక్కొచ్చు.

నా ఓటు మూడో తరగతికే. టికెట్ 20 బాట్ల (థాయ్ కరెన్సీ) దరిదాపుల్లో ఉంటుంది, ఏసీ ఎక్స్‌ప్రెస్‌కు వందల్లో పెట్టాలి, కలిసొచ్చేది అరగంటో ముప్పావుగంటో. సీటు నంబరుండదు, ఫ్యాన్లుంటాయి, కిటికీ తెరుచుకుంటుంది. గంటన్నర నుంచి రెండు గంటల ప్రయాణం. బండిలో స్టేషన్ పేరు ఎవరూ చెప్పరు కాబట్టి బాంగ్ పా ఇన్ దాటగానే సంచి భుజాన వేసుకుని సిద్ధంగా ఉండాలి.

స్టేషన్ పాసక్ నదికి తూర్పు ఒడ్డున ఉంది, పాత నగరం అవతలి ఒడ్డున. బయటికి రాగానే టుక్‌టుక్‌వాళ్ళు చుట్టుముడతారు. వాళ్ళను దాటి, రోడ్డు దాటి, ఎదురు సందులో నేరుగా నడిస్తే పడవ రేవు వస్తుంది. చిల్లర ఇస్తే రెండు నిమిషాల్లో అటు దించుతారు. సైకిలు అవతలి ఒడ్డున అద్దెకు తీసుకోవడం మేలు, రోజుకు 50 బాట్ల చుట్టుపక్కల. పాస్‌పోర్టు తాకట్టుగా అడిగే దుకాణాలున్నాయి. ఇవ్వొద్దు, డబ్బు డిపాజిట్ పెడతామంటే ఒప్పుకునే దుకాణం పక్కనే ఉంటుంది. తీసుకునే ముందు బ్రేకులూ తాళమూ చూసుకోండి. వాహనాలు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి, ఊరంతా చదును, ఎత్తుపల్లాల బాధ లేదు.

ఈ ఊరు అర్థం కావాలంటే ముందు నీళ్ళను చూడాలి. చావోఫ్రయా, లోప్‌బురి, పాసక్ మూడు నదులూ కలిసేచోట కాలువ తవ్వి నగరాన్ని ద్వీపం చేశారు. ఊ థోంగ్ 1350 ప్రాంతంలో రామాథిబొది అనే బిరుదుతో ఇక్కడ రాజయ్యాడు. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళకు పైగా సయాం, అంటే అప్పటి థాయ్‌లాండ్, రాజధాని ఇదే. ముట్టడికి వచ్చిన సైన్యాలు వానాకాలం వచ్చి పొలాలు మునిగితే చుట్టబెట్టుకుని పోవాల్సిందే. 1766లో వచ్చిన బర్మా సైన్యం మాత్రం వానల్లో కదల్లేదు. మెరక చూసుకుని, పడవలు సమకూర్చుకుని కూర్చుంది. 1767 ఏప్రిల్లో నగరం కూలింది. తర్వాత 1782లో బ్యాంకాక్ కడుతున్నప్పుడు ఇక్కడి ఇటుకలను పడవల్లో తరలించారు. ఇవాళ కొన్నిచోట్ల పునాదులే మిగలడానికి సగం కారణం అదే.

ఎనిమిదింటికి గుడుల గేట్లు తెరుస్తారు, తొమ్మిదిన్నర దాటాక బ్యాంకాక్ వ్యాన్లు దిగుతాయి. ఆ గంటన్నర వాట్ మహాథాత్‌కు ఇవ్వండి (వాట్ అంటే గుడి). చెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుడి శిరస్సు ఉన్నది ఇక్కడే. ఫొటో దిగాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి, మన తల బుద్ధుడి తలకన్నా ఎత్తులో ఉండకూడదు. కాపలా మనిషి ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. తొందరపడేవాళ్ళు ఆ ఒక్క ఫొటోతో బయటపడతారు. 1374లో మొదలైన ఈ గుడి అసలు ప్రధాన శిఖరం 1904లో కూలిపోయింది. దాని గుట్ట చుట్టూ ఒక చుట్టు నడవండి. గార ఊడిన గోడల్లో సన్నటి ఇటుకల వరసలు బయటపడి ఉంటాయి. ఈ ఊరంతా ఎర్రగా కనిపించడానికి కారణం ఆ ఊడిన గారే. కట్టినప్పుడు ఈ గోడలన్నీ తెల్లటి సున్నపు పూతతో ఉండేవి. తలలు తెగిన విగ్రహాలన్నిటినీ బర్మావాళ్ళ ఖాతాలో వేయడం గైడ్లకు అలవాటు. తర్వాతి కాలంలో నిధుల కోసం తవ్వినవాళ్ళూ, తలలు అమ్ముకున్నవాళ్ళూ చేసింది తక్కువేమీ కాదు.

రోడ్డు దాటితే వాట్ రాచ్చబురన. నన్నడిగితే అయుత్తయలో ఒక్కటే చూడాలంటే ఇదే. 1424లో సింహాసనం కోసం ఇద్దరు అన్నదమ్ములు ఏనుగుల మీద తలపడి ఇద్దరూ చనిపోయారు. రాజ్యం దక్కిన మూడోవాడు వాళ్ళ దహనస్థలంలో దీన్ని కట్టించాడు. మొక్కజొన్న కంకిలా పైకి లేచే ఖ్మేర్ (పాత కంబోడియా) తరహా గోపురం ఇది, ప్రాంగ్ అంటారు. ముందు మెట్లెక్కి లోపలికి వెళ్ళి, అక్కణ్ణుంచి నిటారు ఇరుకు మెట్ల మీదుగా నేలమాళిగలోకి దిగాలి. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కలేరు, వీపు సంచి గోడకు రాసుకుంటుంది, దాన్ని కిందే వదిలి రండి. లోపల గాలాడదు, ఉక్క. గోడల మీద ఎర్రరంగు బొమ్మలు వెలిసిపోయి ఉంటాయి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఒక నిమిషం ఆగితే ఆకారాలు తేలతాయి. 1957లో దొంగలు ఇక్కడే దిగి బంగారం ఎత్తుకుపోయారు. దొరికినది కొంతే. మోకాళ్ళ సమస్య ఉన్నవాళ్ళు పైనుంచి చూసి రావడమే నయం. మరమ్మతులుంటే తాళం వేసి ఉంటుంది.

టికెట్ విషయం: ప్రధానమైన ఆరు గుడులకు కలిపి ఒకే టికెట్ ఇస్తారు. మొదటి గేటు దగ్గర బోర్డు చూసి, మీరు నిజంగా వెళ్ళే గుడుల విడి టికెట్ల మొత్తంతో పోల్చుకోండి. రెండు మూడు గుడులతో సరిపెట్టుకునేవాళ్ళకు కలిపి కొనడం దండగ.

వాట్ ఫ్రా సీ సన్‌ఫెత్‌లో గంట ఆకారపు చేదీలు (స్తూపాలు) మూడు వరసగా నిలబడి ఉంటాయి. మొదటి రెండూ 1492లో ఒక రాజు తన తండ్రికీ అన్నకూ కట్టించినవి. అంతకుముందటి ప్రాంగ్‌లతో పోల్చి చూస్తే ఊరి అభిరుచి ఖ్మేర్ నుంచి సింహళం వైపు తిరిగిందని కంటికే తెలుస్తుంది. ఇది రాజభవనం లోపలి గుడి, భిక్షువులు ఉండేవారు కాదు. బ్యాంకాక్‌లోని మరకత బుద్ధుడి ఆలయానికి నమూనా ఇదే. ఇక్కడ 16 మీటర్ల నిలువెత్తు బుద్ధుడికి బంగారు తొడుగుండేది, 1767లో నిప్పు పెట్టి కరిగించుకుపోయారు. పక్కనున్న మోంగ్‌ఖోన్ బొఫిత్ విహారాన్ని 1950ల్లో మళ్ళీ కట్టినప్పుడు బర్మా ప్రధాని ఊ నూ విరాళం ఇచ్చాడు.

పదకొండున్నర దాటితే ఎండలో ఇటుకల మధ్య తిరగడం తెలివితక్కువ. చావో సాం ఫ్రయా మ్యూజియం అందుకే ఉంది. రాచ్చబురన బంగారంలో మిగిలింది అక్కడే చూడాలి, రాళ్ళు పొదిగిన చిన్న బంగారు ఏనుగు దగ్గర జనం ఆగిపోతారు. తెరిచే రోజులు ముందే చూసుకోండి, సోమవారం వెళ్ళి తలుపు చూసి తిరిగొచ్చేవాళ్ళు ఉన్నారు. మనవాళ్ళకు ఈ ఊరితో ఉన్న చుట్టరికం కూడా ఆ కాలపు వర్తకంలోదే. 17వ శతాబ్దంలో మచిలీపట్నం నుంచి ఓడలు ఇప్పటి మయన్మార్‌లో ఉన్న మెర్గుయ్ రేవుకు వెళ్ళేవి, అక్కణ్ణుంచి సరుకు నదిమీదా అడవి దారులమీదా అయుత్తయ చేరేది. సయాం దర్బారు కోరిన నమూనాలతో కోరమండల్ తీరంలో అద్దకం బట్టలు తయారయ్యేవి.

భోజనానికి పడవ నూడుల్స్ పేరుంది, కానీ ఆ పులుసులో రక్తం కలుపుతారు. శాకాహారులు ‘జే’ అని అడగాలి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్టు చూసుకోవాలి. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ‘కూరగాయలు మాత్రమే’ అంటే చేపల సాస్ పోసి ఇస్తారు, అది వాళ్ళ లెక్కలో మాంసం కాదు. పల్చటి రొట్టెలో పంచదార దారాలు చుట్టుకు తినే రోతి సాయ్ మాయ్ మాత్రం వదలొద్దు.

వాట్ యాయ్ చైమోంగ్‌ఖోన్ తూర్పున, స్టేషన్ వైపే ఉంది. సైకిలు మీద పాసక్ నది వంతెన ఎక్కొద్దు, లారీల రద్దీ. టుక్‌టుక్ మాట్లాడుకోండి, గంట లెక్కన ధర ముందే తేల్చుకుని.

సాయంత్రం నాలుగున్నరకు చావోఫ్రయా నదికి పడమటి ఒడ్డున ఉన్న వాట్ చైవత్థనారామ్ చేరాలి. 1630లో కట్టింది, మధ్య ప్రాంగ్ 35 మీటర్లు. పాత ఖ్మేర్ తరహాకు మళ్ళీ తిరిగి వెళ్ళడం ఇందులో కనిపిస్తుంది. 2011 వరదల్లో మునిగింది. 2018లో ఒక టీవీ సీరియల్ వచ్చాక పాతకాలపు బట్టలు అద్దెకు కట్టుకుని ఫొటోలు దిగే జనం పెరిగారు, పడమటి ఎండ ఇటుక మీద పడేవేళ వాళ్ళు లేని మూల దొరకడం కష్టం. గ్యాలరీ వెనక వైపుకు వెళ్ళండి.

ఇక్కడే ఇబ్బంది ఒకటి. సైకిలు కొట్లు ఆరింటికల్లా మూస్తాయి, సూర్యాస్తమయం చూసి వెళ్తే డిపాజిట్ రేపటికే. సైకిలు ముందే అప్పజెప్పి ఇక్కడికి టుక్‌టుక్‌లో రండి, తిరిగి స్టేషన్‌కూ అతన్నే ఆపుకోండి. సాయంత్రం రైళ్ళు ఆలస్యం కావడం మామూలే, ఆ రాత్రి విమానం పెట్టుకోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఏప్రిల్లో ఎండ మన రెంటచింతలకు తీసిపోదు, సెప్టెంబరు, అక్టోబరుల్లో నది పొంగితే పడమటి ఒడ్డున గోడలు అడ్డంపెట్టి గేట్లు మూస్తారు.