చెరువు పుస్తకంలో మా అబ్బాయి లెక్క

మాది భీమవరం దగ్గర పల్లె. నాలుగెకరాల చెరువులో వనామి రొయ్య పెంచుతాను. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవడానికి రాత్రిళ్లు గట్టు మీదే ఉండి, ఉదయం ఇంటికి వచ్చి నిద్రపోయేవాణ్ణి. మా అబ్బాయి మొండితనం గురించి రాస్తూ ముందుగా ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. వాడు మెలకువగా ఉండే వేళల్లో నేను ఇంట్లో ఉన్నదే తక్కువ, ఉన్న ఆ కాసేపూ వాడికి వినపడేది "నాన్న పడుకున్నాడు, చప్పుడు చెయ్యకు" అన్న మాటే.

ఆరో ఏట మొదలైంది. ఫోన్ తీసుకుంటే నేల మీద పడి కాళ్లు కొట్టుకోవడం, అన్నం పళ్లెం విసిరెయ్యడం, చెల్లిని గిల్లడం, చివరికి బడిలో తోటి పిల్లవాణ్ణి కొరకడం దాకా వచ్చింది. నేను మూడు నాలుగు సార్లు కొట్టాను. కొట్టిన పూట ఇల్లు సద్దుమణిగేది, మర్నాడు వాడు అచ్చం నాలాగే చెయ్యెత్తి చెల్లిని కొట్టేవాడు. "మగపిల్లాడు, దుడుకు ఉంటుందిలేరా, నువ్వు మాత్రం తక్కువా" అని మా అమ్మ వాణ్ణి వెనకేసుకొచ్చేది. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. వాటివల్ల నష్టమేమీ లేదు గానీ ఆరు నెలలు గడిచిపోయాయి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చి పిల్లలను పరీక్షించిన బృందం రాసిచ్చిన చీటీతో జిల్లా ఆసుపత్రికి వెళ్లాం. 2013లో మొదలైన ఈ పథకం 18 ఏళ్ల లోపు పిల్లలకు వర్తిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. చెవిలో నీరు చేరినా పిల్లలు చెప్పిన మాట విననట్టే కనిపిస్తారట, అందుకని ముందు వినికిడి చూశారు. బాగానే ఉంది. తేలిందల్లా నిద్ర సంగతి: ఆ వయసుకు 9 నుంచి 12 గంటలు పడుకోవాలి, మావాడు ఫోన్ చూస్తూ పదకొండింటికి పడుకుని ఆరింటికి లేస్తున్నాడు.

అక్కడి సైకాలజిస్టు మేడం గారు నేనేం చేస్తానో అడిగి, "మేత ఎంత వేశారో, రొయ్య తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలిందో రోజూ రాస్తారు కదండీ. అలాగే వాడు గొడవ చేసిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తరవాత మీరేం చేశారు, ఈ మూడూ రాయండి" అన్నారు. ఆ మాత్రానికి ఇంత దూరం రావాలా అనిపించింది. అయినా చెరువు పుస్తకం వెనక పేజీల్లోనే గీతలు గీసి, నేను లేనప్పుడు మా ఆవిడ రాసేటట్టు రెండు వారాలు నడిపించాం. ముప్పై ఒక్కసారి గొడవ జరిగింది, అందులో ఇరవై రెండు సాయంత్రం ఆరున్నరకూ ఎనిమిదికీ మధ్య, అంటే నేను చెరువుకు బయలుదేరడానికి బండి తీసే వేళకు అటూ ఇటూ. మూడో గడిలో దాదాపు ప్రతిచోటా ఒకటే మాట: ఫోన్ ఇచ్చాం.

మేడం గారు చెప్పినవి వినడానికి చిన్నవే. రోజూ పావుగంట వాడు కోరిన ఆట వాడితో ఆడాలి, ఆ సేపు ఆజ్ఞలు వద్దు, అల్లరి చేశాడని ఆ పావుగంట కొయ్యకూడదు. "సరిగ్గా ఉండు" అనకుండా "పళ్లెం ఇక్కడ పెట్టు" అని ఒక్క పని చెప్పాలి, చేస్తే ఏం బాగా చేశాడో ఆ పని పేరు పెట్టి మెచ్చుకోవాలి. ఫోన్ అరగంట, ముగిసే ఐదు నిమిషాల ముందు చెప్పాలి, ఆ తరవాత ఎంత ఏడ్చినా ఇవ్వకూడదు. చెయ్యి చేసుకుంటే మాత్రం ఆట ఆపి ఆరు నిమిషాలు పక్కన కూర్చోబెట్టాలి. తగ్గేముందు పెరుగుతుంది, భయపడకండి అని కూడా అన్నారు.

పెరిగింది. మూడో రోజు ముప్పావుగంట ఏడ్చాడు, పక్కింటి బాబాయి గేటు దాకా వచ్చి ఏమైందని అడిగి వెళ్లాడు. ఐదు రోజులు పళ్లు బిగబట్టుకుని ఉన్నాం. ఆరో రోజు నేను చెరువు దగ్గర ఉండగా మా అమ్మ ఫోన్ ఇచ్చేసింది. "గుక్కపట్టి ఏడుస్తుంటే నా వల్ల కాదురా నాన్నా" అని తానూ కళ్లు తుడుచుకుంది. ఒక్కసారికే ఏమవుతుందిలే అనుకున్నాను. ఎప్పుడో ఒకసారి లొంగితే ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్పినట్టే అవుతుందని మేడం గారు అన్నది ఆ తరవాతి వారం కళ్లారా చూశాను, అది మొదటి వారం కన్నా ఘోరంగా గడిచింది. ఈసారి అమ్మను వెంట తీసుకెళ్లాను. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు, ఫోన్ ఆపిన వేళకు కథ చెప్పే పని అప్పగించి పంపారు. ఏడుస్తున్న మనవడి ముందు చేతులు కట్టుకుని నిలబడమంటే ఏ మామ్మ వల్ల అవుతుంది, చేతికొక పని ఇవ్వాలన్న ఆలోచన మాకు రాకపోయింది.

వారానికి మూడు రాత్రులు కాపలాకు మనిషిని పెట్టాను. ఆ జీతం నాకు బరువే, ధర పడిపోయిన పంటకైతే మరీను. ఆ మూడు సాయంత్రాలూ అరుగు మీద కొబ్బరాకు బూరలు చేస్తాం, నా బూర సరిగ్గా ఊదడం లేదని వాడు దిద్దుతాడు. పడుకునే వేళను కొన్ని రోజులకొకసారి పావుగంట చొప్పున జరుపుతూ తొమ్మిదింటికి తెచ్చాం.

ఇప్పుడు నాలుగో నెల. పోయిన వారం పళ్లెం ఒకసారి ఎగిరింది, చెల్లి పెన్సిల్ ఒకటి విరిగింది. మూడో గడిలో ఒకచోట "నాన్న అరిచాడు" అని మా ఆవిడ రాసింది. ఆ రోజు కరెంటు పోయి రాత్రంతా జనరేటర్‌తో తిప్పలు పడి వచ్చాను, అయినా రాసిన ఆ మాట కొట్టెయ్యమని ఆమెను అడగలేదు.